మందకు సగం, యూరియాకు సగం

పొద్దున్నే నోట్లో వేపపుల్ల పెట్టుకున్నాడంటే గంగయ్యకు పళ్లకంటే నాలుకకే పని ఎక్కువ.

"మా తాత పొలంల గొర్ల మంద పండుకున్న ఏడు వరి ఎంత పెరిగిందనుకున్నవ్ బిడ్డా! ఆవు అండ్ల తప్పిపోయి, కోతలప్పుడు దూడను ఎంటేసుకొని బయటికొచ్చింది."

కోడలు భూమవ్వ చాయ్ గ్లాసు అందిస్తూ నవ్వింది. "గా దూడ గిప్పుడు యాడుంది మామా?"

"ముసల్దయింది. మీ అత్త లెక్క."

"పొద్దుగాల్నే నా జోలికి రాకు," అని వంటింట్లోంచి సాయవ్వ అరిచింది.

కొడుకు హన్మంతు మాత్రం నవ్వలేదు. రాత్రి గాలివాన దంచి కొట్టింది. చాయ్ సగంలోనే వదిలేసి పొలం వైపు నడిచాడు.

ఆ ఇంట్లో యుద్ధం నాట్లకు ముందే మొదలైంది. ఏటా ఎండాకాలంలో గొర్లకాపరి బక్కయ్య తన మందను తెచ్చి రాత్రిళ్లు గంగయ్య పొలంలోనే పడుకోబెట్టేవాడు. పొద్దున్నకల్లా మడి నిండా ఎరువు. ఈ ఏడు అది కుదరలేదు. నక్సలైట్ అన్నలు తిరుగుతున్నారని, చీకటి పడ్డాక పొలాల్లో మనిషి కనబడొద్దని పోలీసులు చెప్పిపోయారు. బక్కయ్య మధ్యాహ్నం పూట మందను తోలాడు గాని, ఆ ఎండకు గొర్లన్నీ చెట్ల నీడ చూసుకున్నాయి, మడిని చూడలేదు. హన్మంతు కోరుట్ల పోయి యూరియా బస్తాలు తెచ్చాడు.

"గా తెల్లగింజలు నేలను తాగుబోతును జేస్తయి రా! ఏటేటా ఎక్కువ అడుగుతది. మన మడిల వానపాములు యాడవోయినయి?"

"వానపాములతోని గిన్నె నిండదు బాపూ. నా చిన్నప్పుడు అవ్వ గంజి తాగి మనకు బువ్వ పెట్టింది, మర్సిపోయినవా?"

ఆ మాట గంగయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. "అయితే చెరి సగం! ఒడ్డుకు ఇవతల నా మంద, అవతల నీ యూరియా. ఎవల సగం ఓడితే వాళ్లు పొయ్యి వేరు పెట్టుకోవాలె!"

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. కాని చుట్టుపక్కల పదిమంది విన్న మాట, వెనక్కి తీసుకుంటే గంగయ్య ఎట్లా అవుతాడు?

నాట్లు పడ్డాక మొదట గంగయ్య సగంలో వరి పాలిపోయింది. తర్వాత ఏమైందో ఏమో, నల్లగా నిగనిగలాడుతూ లేచింది. ఇక గంగయ్యను పట్టుకునేవాళ్లు లేరు. కోరుట్ల బస్సు దిగీ దిగకముందే ఊరి చాయ్ హోటల్లో కూర్చుని, "మా వాని బస్తాలు నా గొర్రె పెంటిక ముందట నిలవడ్డయా?" అని ఊదరగొట్టేవాడు. హోటలంతా హన్మంతును చూసి నవ్వేది. అతను గ్లాసులోకి చూస్తూ చాయ్ తాగేవాడు.

ఈ పొద్దున హన్మంతు వెనకే మిగతా ముగ్గురూ ఒడ్డు మీదికి చేరారు. గంగయ్య నోట్లోని వేపపుల్ల జారి పడింది. అవతలి సగం నిటారుగా నిలబడి ఉంది. అతని సగం మాత్రం చాప పరిచినట్టు నేలకు పడిపోయింది.

గంగయ్య వంగి ఒక కుదురు లేపి చూశాడు. వదలగానే మళ్లీ పడిపోయింది.

"సాయవ్వా, రాళ్లేరుకోవే," అన్నాడు చివరికి. గొంతులో వేళాకోళం లేదు. "ఓడిన. ఇయ్యాల్టి సంది మనది వేరే పొయ్యి."

"నీ నోరు పాడుగాను! ముసల్తనాన నాకు కోడలి చేతి బువ్వ గూడ లేకుంట జేస్తివి," అంటూ సాయవ్వ కోపంతో నిజంగానే ఒడ్డు మీద మూడు రాళ్లు ఏరి పక్కన పడేసింది.

"రాళ్లక్కడ పెట్టవ్వా!" హన్మంతు అడ్డమొచ్చాడు. "బాపు ఓడలే. గీ మడిల యూరియా చల్లింది నేనే."

"ఏందిరా?"

"పాలిపోయింది గద. మంద రాత్రి పండుకోకపోతే నువ్వేం జేస్తవ్? తెల్లారంగ అచ్చి చల్లిన. మడి లేచింది. నువ్వు మురిసి ఊరంత జెప్పవడితివి. నీ మురిపెం జూసి ఇంకోసారి చల్లిన. గదే ఎక్కువై పడిపోయింది."

గంగయ్యకు చాయ్ హోటల్ కళ్లముందు మెదిలింది. అందరూ నవ్వుతుంటే గ్లాసులోకి చూస్తున్న కొడుకు. ఒక్క మాటంటే తండ్రి నోరు మూతపడేది. ఆ ఒక్క మాటే వాడు అనలేదు.

"నా మడికే గాదు, నా గొప్పలకు గూడ ఎరువేసినవ్ గదరా," అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ తడిగానే ఉన్నాయి. "వచ్చే ఏడు బక్కయ్య మంద మన దొడ్ల పండుకుంటది. ఊర్లె ఉంటే ఎవలేమంటరు? ఎరువు బండి మీద తోలుకుందాం. నీ తెల్లగింజలు గూడ ఎయ్యి. గని చారుల ఉప్పు లెక్క, బియ్యం లెక్క గాదు."

"అట్లనే బాపూ."

"మరి గీ రాళ్లేం జెయ్యాలె?" సాయవ్వ ముక్కు చీదుతూ అడిగింది.

"గీడనే పొయ్యి పెట్టు. నలుగురికి చాయ్ కాగవెట్టు. గింజ ఇంకా పాడుగాలే, పడ్డదాన్ని లేపి కడదాం."

తండ్రీ కొడుకులు పక్కపక్కన వంగి వరి కుదుళ్లు లేపుతుంటే, భూమవ్వ కట్టలు కడుతూ ఉండబట్టలేక అడిగింది. "ఇగ చాయ్ హోటల్ల ఏం జెప్తవు మామా?"

గంగయ్య నడుం నిటారు చేసుకున్నాడు. "గింజ బరువుకు వరే గాదు, భూమే వంగిందని జెప్త." ఒక్క క్షణం ఆగి, కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు. "పండించింది మాత్రం నా కొడుకని జెప్త."