చీఫ్ వంశం ఖలాస్!

మౌనేష్‌కు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ముందుచూపు లేకుండా పెట్టారు. నిద్ర లేచింది మొదలు ఆ నోరు ఊరుకోదు. చివరికి ఆ నోరే బళ్ళారి నుంచి రూపనగుడి పోయే బస్సులో అతని కొంప ముంచింది.

డిసెంబరు సాయంత్రం. సీట్లన్నీ ఆడవాళ్ళవే. ఆధార్ కార్డు చూపించి ఫ్రీగా ఎక్కినవాళ్ళు దర్జాగా కూర్చుంటే, డబ్బులిచ్చి టికెట్ కొన్న మౌనేష్ కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. రెండో చేతిలో ఫోన్. అటు వైపు అతని స్నేహితుడు యల్లేష్.

మౌనేష్ పని చేసేది ట్రాక్టర్ షోరూమ్‌లో, సేల్స్‌మన్‌గా. లాక్‌డౌన్‌లో ఖాళీగా కూర్చుని ఫోన్ చూస్తుంటే అతనికి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. పేరుకు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు, గుడ్డులాగా ఉంటుంది. అందుకని ‘గుడ్డు బంతి’ అని పేరు పెట్టి తెలుగులో యూట్యూబ్ ఛానల్ కూడా నడుపుతున్నాడు. చూసేది చుట్టాలు. వాళ్ళూ మొహమాటానికే.

"రాసి పెట్టుకో యల్లేషూ! చీఫ్స్ వంశం ఈసారితో ఖలాస్!" అని అరిచాడు మౌనేష్. సరిగ్గా అప్పుడే బస్సు గుంతలో పడింది. చీఫ్స్‌లో చివరి ‘స్’ కాస్తా ఆ కుదుపులో ఎగిరిపోయింది. "రెండుసార్లు వరసగా గెల్చినారు, సరే. మూడోసారి గెలిచే దమ్ము యాడుండాది? ముసలితనం వచ్చె. ముందు వరస శానా వీక్. ఇంగ వంశం నిలబడేది కల్ల!"

ముందు సీట్లో అమ్మాయి తలెత్తింది. పెద్ద కళ్ళు. ఆ కళ్ళలో నిప్పులు.

"ఏమప్పా, ఎవుర్ని అంటాండావు?"

"చీఫ్స్‌ని." ఈసారి ‘స్’ను బస్సు హారన్ మింగేసింది.

"ముసలితనం వచ్చెనా?"

"వచ్చె కదా మరి!"

"ముందు వరస వీకా?"

"ఘోరం. ఎవుడన్నా గట్టిగా ఒక్క గుద్దు గుద్దితే మొత్తం రాలిపోతాది."

"ఎవుడు గుద్దేది? నువ్వా?" ఆ అమ్మాయి లేచి నిలబడింది. "పా, ఇంటికి పోదాం. ఆ మాట మా నాయన ముందర చెప్దువు గాని."

మౌనేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ట్రాక్టర్ బేరం మీద అతను దిగాల్సింది కూడా రూపనగుడిలోనే. అదీగాక, అంత అందమైన కోపాన్ని అతను ఇంతవరకూ చూడలేదు. వెంట నడిచాడు.

సంగతేమిటంటే, ఆ అమ్మాయి గౌతమి. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో డిజైనర్. వాళ్ళ నాన్న హంపయ్య రైల్వేలో చీఫ్ బుకింగ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ ఆయన ‘చీఫ్’. హంపయ్య అంటే పోస్ట్‌మన్ కూడా ఒక నిమిషం ఆలోచించుకోవాలి. రెండుసార్లు పంచాయతీకి గెలిచాడు, మూడోసారి నిలబడే ఆలోచనలో ఉన్నాడు. కొడుకులు లేరు, ఉన్నది గౌతమి ఒక్కతే. ఇక ముందు వరస అంటారా? పై పళ్ళు రెండు ఊడిపోయాయి, మిగిలినవి ఊగుతున్నాయి.

అరుగు మీద కూర్చున్న హంపయ్య సాంతం విన్నాడు. మౌనేష్ చేతులూ కాళ్ళూ ఊపుతూ, ఫోన్‌లో వీడియోలు చూపిస్తూ అరగంట విడమర్చి చెప్పాడు. చీఫ్స్ అంటే అమెరికాలో కాన్సస్ సిటీ జట్టని, ఏళ్ళ తరబడి ఒకే జట్టు కప్పులు కొడుతుంటే దాన్ని డైనస్టీ అంటారని, ఆ మాటనే తాను వంశం అని తెలుగు చేశానని.

హంపయ్య నోరంతా తెరిచి నవ్వాడు. ముందు వరస కనపడింది. మౌనేష్‌కు అప్పుడు తెలిసొచ్చింది, బస్సులో తానేమన్నాడో.

"అంటే అమెరికాలో నా పేరు మీద ఒక టీమే ఉండాదా?" అన్నాడు హంపయ్య. లోపలున్న భార్యను కేకేశాడు, "ఏయ్ సౌభాగ్యా! ఈ పిల్లోనికి కాఫీ తెచ్చీ!"

గౌతమి ముఖం కందగడ్డ అయింది. "సారీ," అంది గోడ వైపు చూస్తూ.

"గోడకెందుకు సారీ? నేనీడ ఉండా," అన్నాడు మౌనేష్.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం మౌనేష్ రూపనగుడిలో ప్రత్యక్షం. ట్రాక్టర్ కొనండి సార్ అనేది సాకు. చీఫ్ గారికి ఉన్నది ఇంటి వెనక నాలుగు టమాటా మొక్కలు. వాటికి ట్రాక్టర్ ఎందుకని ఎవరూ అడగలేదు.

ముసలాయనకూ కుర్రవాడికీ ఒకటే వాదన. ఈ కాలంలో వంశం నిలబడుతుందా, నిలబడదా?

"నిలబడదు సార్. ఆటగాళ్ళకిచ్చే జీతాలకు అన్ని టీములకూ ఒకటే హద్దు. మా సొంతూరు హచ్చొళ్ళిలో కాలువ నీళ్ళ మాదిరే. ఎంత పెద్ద రెడ్డయినా తన వంతు నీళ్ళే తీసుకోవల్ల. గెలిచినాక ఆటగాళ్ళు ఊరికే ఉంటారా? జీతం పెంచమంటారు. పెంచితే హద్దు దాటుతాది. పెంచకపోతే వాళ్ళు పక్క టీముకు పోతారు."

"మరి న్యూ ఇంగ్లండ్ టీము ఇరవై ఏండ్ల లోపలే ఆరు కప్పులు కొట్టిందని నువ్వే చెప్తివి? దానికి లేదా హద్దు?"

"ఉండాది. కానీ వాళ్ళకు మంచి కోచ్, బంతి విసిరే మొనగాడు ఒకే చోట దొరికినారు."

"అట్ల చెప్పు! సరైన మనుషులు దొరికితే వంశం నిలబడతాది!" అని హంపయ్య తొడ కొట్టేవాడు. ఆ మాటలో ఆటకంటే ఇంటి సంగతే ఎక్కువ ఉండేది. కొడుకు లేడు, చీఫ్ తర్వాత ఆ ఇంటి తలుపు తీసే దిక్కెవరని ఊళ్ళోవాళ్ళు ఆయన వెనక అనుకుంటారు. అది ఆయనకు తెలుసు, బాధా ఉంది.

కథ ప్రకారం ఇక్కడ వాన పడాలి. గౌతమి తడవాలి, మౌనేష్ గొడుగు పట్టాలి. కానీ జనవరిలో బళ్ళారి జిల్లాలో వానెక్కడిది? దుమ్ము లేచింది. బస్టాపులో ఇద్దరూ నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రగా అయ్యారు.

"కంట్లో దుమ్ము పడిందా, నన్ను చూస్తాండావా?" అంది గౌతమి.

"రెండూ."

"నోరు తెరవద్దు, దుమ్ము పోతాది."

"ఒక్క మాట చెప్పి మూసుకుంటా. నాకు నువ్వంటే శానా ఇష్టం గౌతమీ."

గౌతమి చున్నీతో ముఖం తుడుచుకుంది. తుడుచుకోవడం అయిపోయినా చున్నీ తియ్యలేదు. దాని వెనక నవ్వుతోందని మౌనేష్‌కు తెలిసిపోయింది. "మొదలు మా నాయన్నడుగు," అంది.

అడిగాడు. హంపయ్య చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"నా వంశం ఖలాస్ అన్నోడివి నువ్వే కదా?"

"మీది కాదు సార్, ఆ అమెరికా చీఫ్స్‌ది!"

"రెండూ ఒకటే. ఇన్ని దినాలు నిలబడదు, నిలబడదు అంటివి. వాళ్ళు ఫైనల్‌కు వచ్చినారు. మూడోసారి గెలవనీ, పిల్లనిస్తా. ఓడితే ఆ మాట మర్చిపో. గౌతమికి చెప్పొద్దు."

పాపం మౌనేష్! వరసగా మూడుసార్లు ఆ ఫైనల్ గెలిచిన జట్టు ఇంతవరకూ లేదని ఛానల్లో మొత్తుకున్నవాడు, ఆ వారమంతా ఉచ్చంగెమ్మకు టెంకాయలు కొట్టాడు. అమ్మవారికి గుడ్డు బంతి గురించి ఎలా చెప్పాలో తెలియక, "ఎర్ర బనీన్లోళ్ళు తల్లీ," అని గుర్తు చెప్పాడు.

సోమవారం పొద్దున అయిదు గంటలకు ఆట మొదలైంది. మౌనేష్ తన ఫోన్‌ను హంపయ్య ఇంట్లో టీవీకి తగిలించాడు. హంపయ్య ఎర్ర శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఎదుటి జట్టు ఫిలడెల్ఫియా.

చూస్తుండగానే చీఫ్స్ ముందు వరస కకావికలైపోయింది. బంతి విసిరే నాయకుణ్ణి కాపాడాల్సిన వాళ్ళే వెనక్కి పడుతున్నారు. సగం ఆట అయ్యేసరికి ఇరవై నాలుగు, సున్నా.

"నువ్వన్నట్టే ఆయె కదప్పా," అన్నాడు హంపయ్య నీరసంగా.

"నా నోట్లో మన్ను పడ!" అని మౌనేష్ నెత్తి కొట్టుకున్నాడు. ఛానల్ పెట్టిన తర్వాత అతని జోస్యం నిజం కావడం అదే మొదటిసారి.

చివరికి నలభై, ఇరవై రెండు. చీఫ్స్ ఓడిపోయారు. మౌనేష్ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

గౌతమి బ్యాగు తగిలించుకుని బస్సుకు బయల్దేరుతూ వీళ్ళను చూసింది. "ఏంది? ఇంట్లో ఎవురన్నా పోయినట్ల కూర్చుండారే?"

ఇద్దరూ నేల చూపులు చూశారు. గౌతమి బ్యాగు దించింది. ఒక్కొక్క ముక్కా లాగితే పందెం సంగతి మొత్తం బయటికొచ్చింది.

"నన్ను పందెం పెట్టినారా?" అంది గౌతమి. "అదీ ఈ చలిలో చొక్కాలు చించుకునే అమెరికావోళ్ళ మీద! ధర్మరాజన్నా తన పాచికలు తనే వేసినాడు. మీకా మాత్రం కూడా లేదే!"

వంటింట్లోంచి సౌభాగ్య, "బాగా అడుగు," అంది.

హంపయ్య మాట మార్చే ప్రయత్నం చేశాడు. "అది కాదుమ్మా... ఏమప్పా, ఓడినోళ్ళు ఇప్పుడేం చేస్తారు?"

"ఏప్రిల్‌లో కాలేజీ పిల్లోళ్ళను ఎంచుకుంటారు సార్," అన్నాడు మౌనేష్ ముక్కు తుడుచుకుంటూ. "శానా ఓడినోనికి మొదటి వంతు. గెలిచినోనికి ఆఖరి వంతు. ఒకడే ఎల్లకాలం ఏలకూడదని ఆ రూల్ పెట్టినారు."

హంపయ్య ముఖం వెలిగింది. "అయితే ఓడింది నేను కదా! మొదటి వంతు నాదే! నేను నిన్నే..."

"లేదు సార్," అన్నాడు మౌనేష్. "మీరు ఫైనల్‌దాకా వచ్చి ఓడినారు. ముప్పై రెండు టీముల్లో మీది ముప్పై ఒకటో వంతు."

గౌతమి నెత్తి కొట్టుకుంది. "అయ్యో రామా! పిల్లనిస్తామంటాంటే రూల్ చెప్తాండావే, మొద్దూ!"

"రూల్ అదే కదా మరి..."

"సరే. శానా ఓడినోళ్ళదే కదా మొదటి వంతు?" గౌతమి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆడింది మీరు, అరిచింది మీరు, మాట ఇచ్చుకున్నది మీరు. నన్ను అడక్కుండానే నన్ను ఓడగొట్టినారు. ఈడ నాకంటే ఎక్కువ ఓడింది ఎవురు?"

మామా అల్లుళ్ళు కాబోయేవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అయితే మొదటి వంతు నాది. నేను ఈ మొద్దును ఎంచుకుంటాండా."

మౌనేష్ నోరు తెరిచాడు. మాట రాలేదు. జీవితంలో మొదటిసారి, రాలేదు.

గౌతమి నాన్న దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "వంశం వంశం అని నువ్వు కుమిలేది నాకు తెల్దా నాయనా? పంచాయతీకి మూడోసారి నువ్వు నిలబడొద్దు. నేను నిలబడతా. నీ పేరుతోనే. కొడుకే కావల్లని యాడ రాసి ఉండాది?"

హంపయ్య శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకుని, కూతురి తల మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాడు. సౌభాగ్య వంటింటి గడపలో నిలబడి ముక్కు చీదింది. మౌనేష్ ఎలాగూ ముందు నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు.

కాసేపటికి హంపయ్య గొంతు సవరించుకున్నాడు.

"మొదటి వంతు నీదాయె. రెండో వంతు ఎవురిది?"

"నీదే పో నాయనా. ఏం ఎంచుకుంటావు?"

"పెండ్లి తేదీ." హంపయ్య గోడ మీది కేలండర్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మే నెలలోనో, జూన్‌లోనో పెట్టుకుందాం. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఏ ముహూర్తమూ వద్దు. నా చీఫ్స్ మళ్ళీ మొదలుపెట్టల్ల, నాకూ అల్లునికీ పనుంటాది."