పదో వంతు కారు

ఆ పొద్దున కమలాపురంలో భూపేష్ ఇంట్లో కుక్కర్ కూత వేయలేదు. పది నిమిషాలుగా చుట్టూ ఆవిరి కక్కుతూ, పప్పునీళ్ళు స్టవ్వు మీద చిమ్ముతూ ఉంది. అతని భార్య శిల్ప మూత తీసి చూస్తే లోపల రబ్బరు లేదు. నిన్న తానే కడిగి బోర్లించిన మూత. రబ్బరుకు కాళ్ళు రావు కదా.

ఈ ఇంట్లో వస్తువులు మాయమవడం నెల నుంచీ జరుగుతూనే ఉంది. మొదట పచ్చడి సీసాల మూతలు నాలుగు పోయాయి. నిమ్మకాయ ఊరగాయ సీసా, పన్ను నొప్పి వచ్చిన ముసలమ్మలాగా, మూతికి గుడ్డ కట్టుకొని అలమరలో కూర్చుంది. ఆ తర్వాత నూనె డబ్బా, భూపేష్ కొత్త చొక్కా వచ్చిన ప్లాస్టిక్ పెట్టె, మాత్రల అట్టలు, చివరికి శిల్ప ఎర్ర గోళ్ళరంగు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ కోసం ఆయన్ని పిలవాల్సిన పనిలేదు. పక్కగది తలుపు తోస్తే చాలు.

ఆ గది శిల్ప అత్త రామేశ్వరమ్మది. హైస్కూల్లో ముప్ఫైమూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు, పట్టుదల ఆరడుగులు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తమాషా ఏమిటంటే, లెక్కపెట్టి చూస్తే చాలాసార్లు నిజంగా మూడే ఉండేవి. ఊళ్ళో ఆడమనిషి స్కూటర్ ఎక్కితేనే జనం అరుగుల మీదికి వచ్చి చూసే రోజుల్లో, తొంభై ఆరులో, జీతం దాచుకొని ఎర్రటి చిన్న మారుతి కొనుక్కుంది. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకొని తిప్పింది. ఆయన పోయాక ఒంటరిగా తిప్పింది.

రెండు నెలల కిందట కడపలో కంటి డాక్టరు, పక్కచూపు తగ్గింది, ఇక బండి నడపవద్దని చెప్పాడు. ఇంటికొచ్చి, ఎవరూ అడగకముందే, ఆమె తాళాలు తెచ్చి కొడుకు ముందు పెట్టేసింది. మర్నాటి నుంచి టేపు పట్టుకొని, రేకుల షెడ్డులో ఉన్న కారు చుట్టూ తిరుగుతూ కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. అచ్చం అదే కారు, పదో వంతు సైజులో చేస్తుందట. "పెద్దది ఎట్లాగూ పోతాది. చిన్నదన్నా ఉండనీ" అంది.

పెద్దది పోయేది ఈ ఆదివారమే. పాత బండ్ల బేరగాడు హనుమేష్ ఎర్రగుంట్ల నుంచి వచ్చి తోలుకుపోతాడు.

"అత్తా, కుక్కర్ రబ్బరు యాడ?" గుమ్మంలో నిలబడి అడిగింది శిల్ప.

"టైర్లకు కోసినా" అంది రామేశ్వరమ్మ, భూతద్దంలోంచి తలెత్తకుండా. "పాతదే కదా."

"పోయిన వారమే కొన్నది!"

"అట్లనా? అందుకే పట్టు బాగుండాది."

ఇంతమాట విన్నాక కోడలు కోపగించుకోవాలో నవ్వాలో తెలియక వంటింట్లోకి వచ్చేసింది. భూపేష్ స్నానం చేసి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఊళ్ళో అతనికి ఎరువుల అంగడి, తిరగడానికి తల్లి కారుకంటే పెద్దదైన సొంత కారు ఉన్నాయి.

"పప్పు వద్దులే, ఉగ్గాని చేయి. బొరుగులుండాయి కదా. అమ్మ ఆట అమ్మను ఆడుకోనీ."

"ఆ సంగతి పోనీండి. ఎర్రగుంట్ల బడి వాళ్ళకు సోమవారం లోపల మాట చెప్పాల నేను. ఇంగ్లీషు టీచరు ఉద్యోగం మళ్ళీ మళ్ళీ రాదు."

"చెప్పినా కదా శిల్పా. బడి ఎనిమిదిన్నరకు. ఆ లోపల చేర్చే బస్సు లేదు. నేను అంగడి తెరచాల. నిన్ను దింపేదెవరు?"

"నాకు కారు నేర్పండి."

"నేర్పలేదా? నా బండిలో రెండుసార్లు కూర్చోబెట్టినా. కాళ్ళే అందకపాయె! నిన్ను డ్రైవింగు స్కూల్లో కాదు, మనుషుల్ని పొడుగు చేసే స్కూల్లో చేర్చాల."

భూపేష్ చెడ్డవాడు కాదు. ఎప్పుడు నవ్వాలో తెలుసు గానీ ఎప్పుడు నవ్వకూడదో తెలియదు. ఆ పెద్ద బండిలో ఎత్తు సీటు మీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్న రెండు రోజులూ శిల్పకు గుర్తొచ్చాయి. బొరుగులు నీళ్ళలో వేసి, పిండాల్సినదానికంటే గట్టిగా పిండింది. పక్కగదిలో ఆకురాయి రేకును గీకుతోంది. ఆ మోతలో రామేశ్వరమ్మకు ఈ మాటలేవీ వినబడలేదు.

అసలు గొడవ శనివారం మధ్యాహ్నం వచ్చింది.

మన ఇళ్ళలో రవికె గుడ్డల మూట ఒకటి ఉంటుంది. తాంబూలంతో వచ్చినవి వచ్చినట్టే అందులోకి పోతాయి, ఇంకొకరి తాంబూలంతో బయటికి పోతాయి. ఎవరూ కుట్టించుకోరు. ఒక్కోసారి మనమిచ్చిన గుడ్డే ఊరంతా తిరిగి ఏడాదికి మనింటికొచ్చి పలకరిస్తుంది. ఆ మూటలోంచి ఏది తీసినా ఎవరూ అడగరు. అయితే శిల్ప, పత్తికొండ నుంచి వాళ్ళమ్మ పంపిన ధర్మవరం పట్టు రవికె గుడ్డను, మడత నలగకుండా ఉంటుందని ఆ మూట మధ్యలో పెట్టింది. ఉద్యోగంలో చేరే రోజున కట్టుకోవాలనుకున్న చీర మీదిది. ఇప్పుడు మూటంతా విప్పి పరిచినా అది కనబడలేదు.

కనబడింది పక్కగదిలో. బల్ల మీద ఎర్రటి చిన్న కారు తయారై మెరుస్తోంది. సీసా మూతల చక్రాలు, రబ్బరు టైర్లు, మాత్రల అట్టల హెడ్‌లైట్లు, చొక్కా పెట్టె అద్దాలు. లోపల సీట్లకు నెమలికంఠం రంగు ధర్మవరం పట్టు.

"అత్తా!"

రామేశ్వరమ్మ ఉలిక్కిపడింది. "ఏందమ్మా?"

"మా అమ్మ పెట్టిన గుడ్డ అది. మా అమ్మ దుడ్లు కూడబెట్టుకొని కొన్నది! నన్నొక మాట అడగాలని కూడా అనిపించలేదా మీకు?"

"మూటలో ఉండె..." ఆమె ముఖం పాలిపోయింది. "మూటలోది అనుకున్నా శిల్పా. తప్పైపోయింది."

అక్కడితో ఆగి ఉండేదే. కానీ నాలుగు రోజులుగా మింగుకున్న మాట బయటికి తన్నుకొచ్చింది. "ఈ బొమ్మకున్న విలువ ఈ ఇంట్లో నాకు లేదు. మీరు ముప్ఫై ఏండ్లు మీ ఇష్టమొచ్చిన చోటికి తిరిగినారు. నేను రోజూ ఎర్రగుంట్ల పోయి రావల్లంటే దిక్కు లేదు. వచ్చిన ఉద్యోగం చేజారిపోతాంటే, మీరు ఈడ కూర్చొని బొమ్మకు పట్టు సీట్లు కుడుతున్నారు!"

"ఉద్యోగం నువ్వే వద్దనుకున్నావంట కదా? భూపేష్ చెప్పినాడు."

"నేనా? నేను ఎప్పుడు వద్దన్నా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బస్సు కుదరదు కాబట్టి మానుకుంటుందిలే అని తన మనసులో అనుకున్నదాన్నే భూపేష్ తల్లికి నిజమన్నట్టు చెప్పేశాడని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అయినా కోపం అంత తొందరగా దిగుతుందా? ఇంకేమీ దొరక్క శిల్ప కారు బొమ్మ మీద పడింది.

"ఇదేం కొలత? డ్రైవర్ సీటు స్టీరింగుకు ఆనుకొని ఉండాది. మనిషి కూర్చుంటే ఊపిరాడతాదా? లెక్కల టీచరమ్మ కొలత తప్పింది."

తిట్టినా పడుండేది గానీ, ఆ మాట మాత్రం రామేశ్వరమ్మ పడలేకపోయింది. టేపు తీసి కోడలి చేతిలో పెట్టింది. "స్టీరింగు నుంచి సీటు వీపుకు నలభై రెండు సెంటీమీటర్లు. బొమ్మలో నాలుగు పాయింటు రెండు. పోయి కొలుచుకో, పో!"

"పోతా. నాకేం భయమా?"

ఎండ మండిపోతోంది. షెడ్డులో రేకుల కింద ఎర్ర మారుతి దుమ్ము కప్పుకొని ఉంది. శిల్ప తలుపు తీసి, వంగి కొలవబోయింది. టేపు అందలేదు. లోపల కూర్చుంటే తప్ప కుదరదని కూర్చుంది.

నలభై రెండు. ఒక్క గీత అటూ ఇటూ లేదు.

ఓడిపోయినందుకు విసుక్కుంటూ లేవబోయి ఆగిపోయింది. పాదం దేనికో తగిలింది. క్లచ్చి. తొక్కితే నేల దాకా దిగింది. కుడికాలు బ్రేకు మీద పెట్టింది. అదీ అందింది. ముందుకు వాలకుండా, వేళ్ళ మీద నిలబడకుండా, ఇంట్లో పీట మీద కూర్చున్నంత సుఖంగా అందింది. అద్దంలోంచి బానెట్టు చివర దాకా కనబడుతోంది. ముప్ఫైఒక్కేళ్ళు వచ్చినా ఇంతవరకూ ఏ కారూ తన కోసం చేసినట్టు శిల్పకు అనిపించలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎడమ తలుపు తెరుచుకుంది. రామేశ్వరమ్మ చెంగుతో సీటు దుమ్ము దులిపి కూర్చుంది. తన కారులో ఆ వైపు కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

"తొంభై ఆరులో కంబన్న మెకానిక్కు చేత సీటును ముందుకు లాగి బోల్టు వేయించినా" అంది నెమ్మదిగా. "కాళ్ళందవు, మీకెందుకు మేడమ్ అన్నారు అందరూ. కాళ్ళు పెరగవు, సీటే జరగాల అన్నా."

"అత్తా, నా మాటలకు..."

"గమ్మునుండు. భూపేష్ బల్ల మీది తాళం తెచ్చినా. క్లచ్చి పూర్తిగా తొక్కు. ఇప్పుడు తిప్పు."

ఆదివారం పొద్దున భూపేష్ హనుమేష్‌ను వెంటబెట్టుకొని షెడ్డు దగ్గరకు వచ్చి నోరు తెరిచాడు. కారు లేదు. అది నిలబడిన చోట నూనె మరక ఉంది. ఆ మరక మీద, సరిగ్గా మధ్యలో, చిన్న ఎర్ర కారు ఉంది.

"నేను పెద్దదానికి బేరం ఆడినానప్పా" అన్నాడు హనుమేష్ బుర్ర గోక్కుంటూ.

భూపేష్ వంగి దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. అమ్మ చేస్తోందని తెలిసినా ఇన్నాళ్ళూ దగ్గరగా చూడలేదు. లోపల స్టీరింగు నల్లగా, గుండ్రంగా ఉంది. నల్లగాజు. పసిపిల్లలకు దిష్టి తగలకుండా వేసేది. దాని అంచున చిన్న పంటిగాటు ఉంది. "పళ్ళొచ్చేటప్పుడు కొరికి పెట్టినావురా" అని అమ్మ ఎన్నోసార్లు చూపించిన గాజే. బీరువాలో ముప్ఫై ఐదేళ్ళు దాచుకున్నదాన్ని తెచ్చి ఇక్కడ పెట్టింది. ఆమె తాళాలు తన ముందు పెట్టిన రోజున, తాను తలెత్తి ఆమె ముఖం కూడా చూడలేదు. అప్పుడు ఫోనులో హనుమేష్ నంబరు వెతుక్కుంటున్నాడు.

ఇంటి వెనక వాళ్ళ పాత కల్లం నుంచి ఇంజిను చప్పుడు, వెంటనే రామేశ్వరమ్మ గొంతు వినిపించాయి. "బ్రేకు! బ్రేకు కాదు, క్లచ్చి! ఆ, అట్ల!"

ఇద్దరూ అటు నడిచారు. కల్లంలో ఎర్ర మారుతి ఎగిరెగిరి పడుతూ చుట్లు తిరుగుతోంది. వెనక అద్దానికి అట్టముక్క మీద గోళ్ళరంగుతో రాసిన పెద్ద 'ఎల్'. భర్తను చూడగానే శిల్ప కంగారుపడింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. భూపేష్ కిటికీ దగ్గరికి వచ్చి, క్లచ్చి, బ్రేకుల మీద నిశ్చింతగా ఆనిన భార్య పాదాలను చూశాడు.

"కాళ్ళు..." అని నీళ్ళు నమిలాడు.

"నా కాళ్ళు అవేనండీ" అంది శిల్ప. "సీటు వేరే."

"ఉద్యోగం ఈ పిల్ల వద్దనిందని చెప్పినావే, ఎప్పుడనింది రా?" అడిగింది రామేశ్వరమ్మ, తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి అడిగినట్టు.

"అనలేదమ్మా. నేనే అనుకున్నా. తప్పు నాదే." బొమ్మ కారును గుండెకు ఆనించుకొని ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "హనుమేషప్పా, ఏమనుకోవద్దు. ఈ బండి అమ్మేది లేదు. రేపే దీని కాగితాలు రెన్యువల్ చేయిస్తా."

"పెట్రోలు తగలేసుకొని వచ్చినాను కదప్పా. పోనీ, ఆ చిన్నదన్నా ఇస్తారా?"

"ఇస్తాం" అంది రామేశ్వరమ్మ. "దాని ధర పది రెట్లు."

హనుమేష్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఉగ్గాని, బజ్జీలు తినిపించి గానీ అతన్ని పంపలేదు.

సోమవారం శిల్ప బడి వాళ్ళకు సరే అని చెప్పింది. వేసవంతా కల్లంలో తిరిగింది, లైసెన్సు తెచ్చుకుంది. భూపేష్ రెండు కుక్కర్ రబ్బర్లు కొనుక్కొచ్చాడు. రెండోది ఎందుకని అడిగితే, అమ్మ తన పెద్ద బండి చుట్టూ టేపు పట్టుకొని తిరుగుతోందన్నాడు. ధర్మవరం వెళ్ళి అదే రంగు గుడ్డ వెతికి తెచ్చింది మాత్రం రామేశ్వరమ్మే.

జూన్‌లో బడి తెరిచిన రోజు, నెమలికంఠం రవికె తొడుక్కొని, శిల్ప ఒక్కతే బయలుదేరింది. వెంట వస్తానన్న కొడుకును రామేశ్వరమ్మ కూర్చోబెట్టింది. తాను మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకొని, ఒళ్ళో ఫోను పెట్టుకొని, కాఫీ చల్లారిపోతున్నా చూడకుండా కూర్చుంది. ఎనిమిదీ పదికి ఫోను మోగింది.

"చేరినా అత్తా. యాడా ఆగిపోలేదు."

"మంచిదమ్మా."

"అత్తా, ఇంకో మాట. ఆ పొద్దు అన్నా కదా. సీటు కొలత తప్పలేదు. సరిగ్గా ఉండాది."

"నాకు తెలుసులేమ్మా" అంది రామేశ్వరమ్మ. ఫోను పెట్టేసి, కొడుకు చూస్తున్నాడని కూడా చూసుకోకుండా చెంగుతో కళ్ళు తుడుచుకుంది.