తడబాటు కలం

2083 నాటికి కొత్తరేవులో చేత్తో ఉత్తరం రాయగలిగినవాళ్లు పదకొండుమంది మిగిలారు. అందులో ఆరుగురు డెబ్బై దాటినవాళ్లు. మిగతా ఊరంతా గోడకున్న రాతయంత్రానికి నోటితో చెప్పేది, అది రాసిపెట్టేది. శుభలేఖలు రాసేదీ అదే, అద్దె కాగితాలు రాసేదీ అదే. చావు జరిగిన ఇంటికి పంపే నాలుగు ఓదార్పు ముక్కలు కూడా అదే రాసేది. ఒకే వీధిలో మూడిళ్లకు ఒకే ఓదార్పు వచ్చినా ఎవరూ నొచ్చుకోలేదు. చదివి వినిపించేదీ ఆ యంత్రమే మరి.

పదో తరగతి గట్టెక్కిన పిల్లలు, నిన్న ఏం చేశారో నాలుగు వాక్యాలు రాయమంటే తెల్లమొహం వేస్తున్నారని ఒక సర్వే తేల్చింది. బోధనా మండలికి అప్పటికి సిగ్గేసింది. ఒకటి నుంచి పది దాకా అన్ని తరగతులకూ రాత పీరియడు పెట్టింది. నేర్పేవాళ్లేరీ? మాస్టార్లు యంత్రం చేత వ్యాసం రాయించి, పిల్లల చేత బట్టీ పట్టించారు. పిల్లలు అక్షరం పొల్లుపోకుండా దింపేశారు. పిల్లలకు రాయడం వచ్చేసిందని అందరూ సంతోషించారు.

సంతోషించనిది డాక్టర్ పరిమి వకుళ ఒక్కతే. ఆమె ఇరవయ్యేళ్లుగా మెదడు మీద పరిశోధన చేస్తోంది. మనిషి తన మాటను తానే కూర్చుకునేటప్పుడు వాక్యానికి ముందు మెదడు ఒక్క క్షణం తటపటాయిస్తుందని, బట్టీ మాటకు ఆ తటపటాయింపు ఉండదని ఆమె కనిపెట్టింది. దానికి తడబాటు తరంగం అని పేరు పెట్టింది. ఇంజనీరు జాన్ వెస్లీతో కలిసి ఆరేళ్లు కష్టపడి ఒక కలం తయారుచేసింది. చెవి వెనక బొట్టుబిళ్లంత సెన్సర్ అంటిస్తారు. తరంగం కనిపిస్తే కలంలో సిరా పారుతుంది. లేకపోతే ఆగిపోతుంది, ఆగి చెవిలో ఒక ప్రశ్న వేస్తుంది. ఒకటో తరగతి వాళ్లనైతే "ఎవరు వచ్చారు?" అంటుంది. నాలుగో తరగతిని "తర్వాతేమైంది?" అంటుంది. ఏడో తరగతిని "నువ్వు చూశావా?" అని, పదో తరగతిని "అలా ఎందుకనుకుంటున్నావు?" అని అడుగుతుంది. ఆగకుండా రాసి ముగిస్తే శభాష్ అంటుంది. దాని బోధనంతా ఇంతే. ఇంతమాత్రం అడిగే మాస్టారు లేకనే గదా ఊరికి ఈ గతి పట్టింది.

ప్రయోగానికి కొత్తరేవు బడినే ఎంచుకున్నారు. మండలి అధ్యక్షుడు విభూషణరావు తనిఖీకి వస్తున్నాడని తెలిసి, హెడ్మాస్టరు సూర్యప్రకాశం ఆనవాయితీ తప్పకుండా రెండు వారాల ముందు నుంచే 'మా బడి' వ్యాసాన్ని పది తరగతుల చేతా బట్టీ పట్టించాడు. కొత్త కలాలొచ్చినా ఆయన పాత పద్ధతి మానలేదు. ఆ రోజు హాల్లో మూడు వందల కలాలు రెండో మాట దగ్గరే ఆగిపోయాయి. సూర్యప్రకాశం మొహం పాలిపోయింది. కాసేపటికి కలాలు చెవుల్లో అడిగిన ప్రశ్నలకు పిల్లలు ఒక్కొక్కరే మళ్లీ రాయడం మొదలుపెట్టారు. ఒకటో తరగతి బుడ్డోడొకడు "బళ్లో కుక్క ఉంది. నా అన్నం చూస్తది" అని రాశాడు. వకుళకు కళ్లు చెమర్చాయి.

ఏడో తరగతి నిస్సీ కాగితాన్ని విభూషణరావు తన చేతిలోకి తీసుకున్నాడు.

"మా అమ్మ సంతోషమ్మ ఈ బళ్లో వంట చేసేది. వార్షికోత్సవం లైట్లకి చాలదని హెడ్మాస్టరు గారు వంటగది కరెంటు రెండ్రోజులు ఆపించారు. ఫ్రిజ్‌లో కోడిమాంసం వాసనొచ్చింది. పారేద్దామండి అంది అమ్మ. మసాలా ఎక్కువేసి వండు అన్నారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నలభైమందికి వాంతులయ్యాయి. అమ్మని తీసేశారు."

"కలం ఎక్కడైనా ఆగిందా?" అన్నాడు విభూషణరావు.

"లేదండి," అంది వకుళ.

"అయితే అబద్ధం రాయనివ్వదన్నమాట."

కాదనాలి. కలానికి తెలిసేది సొంత మాటా, బట్టీ మాటా అన్నదే. నిజమూ అబద్ధమూ దానికి తెలియవు. వెస్లీ నోరు తెరవబోయాడు. వకుళ కంటితోనే వద్దంది. ఆరేళ్లుగా ఇలాంటి పెద్దమనిషి తల ఊపుతాడని కాచుక్కూచుంది. పైగా ఈ ఒక్క ముక్కతో ఆ పిల్ల తల్లికి ఉద్యోగం దక్కేటట్టుంది. ఇద్దరికీ మేలు చేసే అబద్ధాన్ని కాదనడం ఎవరికి మాత్రం సులభం?

అక్కడికక్కడే విచారణకు ఆదేశమిచ్చారు. వారం తిరక్కుండా 'అబద్ధం రాయని కలం' అని మండలి ఊరూరా బోర్డులు పెట్టింది.

విచారణ మొదలవడానికి నలభై రోజులు పట్టింది. ఈలోగా నిస్సీ తాను చూసింది మేనత్తలకు చెప్పింది, పాస్టరు గారికి చెప్పింది, వంటవాళ్ల సంఘం నాయకుడికి రెండుసార్లు చెప్పింది. తడుముకోవద్దమ్మా, గడగడా చెప్పాలి అంటూ అమ్మ తరఫు వకీలు పదిసార్లు చెప్పించాడు.

విచారణ నాడు సూర్యప్రకాశం చేతులు కట్టుకుని, "పాపచేత మళ్లీ ఒకసారి మన ఎదురుగానే రాయించండి. కలం నిజం చెబుతుందంటున్నారు గదా," అన్నాడు.

నిస్సీ కలం పట్టుకుంది. "మా అమ్మ సంతోషమ్మ" దగ్గరే సిరా ఆగిపోయింది. విదిలించి మళ్లీ రాసింది. మళ్లీ ఆగింది.

"నువ్వు చూశావా?" అంది కలం చెవిలో.

"చూశాను," అంది నిస్సీ పైకే. "నేను చూశానండీ. తలుపు దగ్గరే ఉన్నాను."

అదే మాట రాయబోయింది. సిరా కదల్లేదు.

"ఎవరో నేర్పారండి. చిన్నపిల్ల, దానికేం తెలుసు పాపం," అన్నాడు సూర్యప్రకాశం జాలిగా.

గోడవారన నిలబడ్డ సంతోషమ్మ కూతురి వంక చూడలేదు. వకుళనే చూస్తోంది. "మేడం గారూ, మీరు చెప్పండమ్మా. మీ కలమే గదా," అంది.

వకుళకు సంగతి వెంటనే అర్థమైంది. నలభై రోజులు చెప్పీ చెప్పీ పిల్లకు ఆ నిజం నోటికొచ్చేసింది. నోటికొచ్చిన మాటకు తడబాటుండదు, అది నిజమైనా సరే. సాయంత్రం నాలుగింటికల్లా శాస్త్రజ్ఞురాలిగా అభిప్రాయం ఒక పేజీలో రాసివ్వమంది విచారణ సంఘం. అదే బల్ల మీద ముప్పైవేల బళ్లకు కలాలిచ్చే ఉత్తర్వు విభూషణరావు సంతకం కోసం చూస్తోంది. కలానికి నిజం తెలియదని రాస్తే, ఊరూరా ఉన్న బోర్డులతో పాటు ఆ ఉత్తర్వూ పోతుంది.

పక్కగదిలో వెస్లీ అన్నాడు, "ఉన్నదున్నట్టు రాసెయ్యండి మేడం. ఇది పోతే ఇంకోటి చేసుకుందాం."

"ముప్పైవేల బళ్లు వెస్లీ. ఎన్ని లక్షలమంది పిల్లలు రాయడం నేర్చుకుంటారో ఆలోచించు."

"ఈ పిల్ల నేర్చుకుంది గదండీ. ఏం ఒరిగింది?"

వకుళ తెల్లకాగితం ముందుకు లాక్కుంది. అలవాటు కొద్దీ చెవి వెనక సెన్సర్ అంటించుకుని, తన కలమే తీసుకుంది. చాలాసేపు ఆలోచించి రాసింది. "కలం ఆగినదంటే ఆ వాక్యములు ఇతరులు నేర్పినవై యుండుటకే అవకాశము హెచ్చు. మొదటిసారి కలం ఆగకపోవుటకు బాలిక ఊహాశక్తి కారణము కావచ్చును. ఆ సంఘటన నిజానిజముల గురించి నాకు తెలియదు."

ఎక్కడా పట్టుబడకుండా ప్రతి మాటనూ వెతికి, తూచి, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంది. ఇలాంటి వాక్యాలు ఆమె జన్మలో ఎన్నడూ రాయలేదు, ఎక్కడా చదవలేదు. సిరా ఒక్కచోట కూడా ఆగలేదు. సెన్సర్ తెర మీద ఆమె తరంగం గీత చూస్తున్న వెస్లీ లేచి నిలబడ్డాడు. ఆరేళ్లలో ఏ పిల్లకూ ఏ పిల్లాడికీ తడబాటు తరంగం అంత ఎత్తుకు లేవలేదు.

ఆమె సంతకం పెట్టింది. అప్పుడు కలం, ఒకటో తరగతి పిల్లలతో మాట్లాడినంత మురిపెంగా ఆమె చెవిలో అంది:

"శభాష్. ప్రతి మాటా నీ సొంతమే."