మనవాళ్ల పొట్లాలు

యంత్రం గుయ్యిమంటోంది. డాక్టర్ సువర్చల గాజు గొట్టంలోకి చూసి పెదవి విరిచింది. మాజీ మంత్రి పానకాలరావు తమ్ముడి రక్తానికి రేడియేషన్ తగిలించి తీసిన సరుకది. ఎందుకూ కొరగాదని ఆమెకు ముందే తెలుసు.

రేడియేషన్ తగిలిన కణాలు ఊరికే ఉండవు. కంటికి కనపడని పొట్లాలు కట్టి రక్తంలోకి వదులుతాయి. వాటినే వెసికిల్స్ అంటారు. కొందరి పొట్లాలు ఒంట్లోని రక్షణ కణాలను తట్టి లేపుతాయి. అప్పుడవి కేన్సర్ గడ్డ మీద పడతాయి. కొందరివి జోకొట్టి పడుకోబెడతాయి. కేన్సర్‌తో మంచం పట్టిన పానకాలరావువి జోకొట్టే రకం. అందుకని లేపే పొట్లాలను వేరే మనిషి రక్తంలోంచి తీసి ఎక్కించాలి. ఈ యంత్రం చేసే పని అదే.

"ఎవడో పరాయివాడివి నాకెందుకమ్మా? మా తమ్ముడున్నాడుగా," అన్నాడాయన మొదటిరోజే.

"దగ్గరివాళ్లవి పనిచేయవండీ. మనవాళ్లే కదా అని మీ కణాలు కళ్లు మూసుకుంటాయి."

ఆ సంగతి ఆయనకు కొత్తగా చెప్పాలా? మంత్రిగా వెలగబెట్టినన్నాళ్లూ ఆయన చేసింది అదే. తనవాడైతే చాలు, ఇసుక మింగినా చెరువు మింగినా కేసుండేది కాదు. ఆ ఒంట్లో కణాలకు వేరే బుద్ధులు ఎక్కణ్ణుంచి వస్తాయి? సువర్చలకు ఒళ్లు మండింది. కానీ రోగి ఒప్పుకోనిదే సూది ముట్టకూడదు. తమ్ముడివే ఎక్కించింది. కణాలు హాయిగా నిద్రపోయాయి, గడ్డ కాలేయం దాకా పాకింది.

ఈ వారం దాటితే ఇక ఆశ లేదు. సువర్చల లారీ డ్రైవర్ సుందరాన్ని పిలిపించి మంచం దగ్గరికి తీసుకొచ్చింది. అతని పొట్లాలు అప్పటికే ఇద్దరు రోగుల్ని గట్టెక్కించాయి. సుందరం చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డాడు.

పానకాలరావు ఆయాసపడుతూనే అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏమిట్లు బాబూ మీరు? ఏ కులం?"

సుందరం నవ్వాడు. "తమరు బతికాక చెప్తానండి."

"ముందు చెప్పు. తర్వాతే సూది."

ఆయన మీద సువర్చలకు ఉన్న కాస్త జాలీ ఆ క్షణంలోనే పోయింది.

సుందరం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఇష్టమండి. నాకేం తొందర లేదు."