హనుమక్క తీసుకోని ఉత్తరం

ఇటు జరుగు తల్లీ, ఇంకాస్త. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. గోడకవతల వాళ్ళు ఇప్పుడూ అక్కడే ఉన్నారు. వాళ్ళ కుక్కరు కూత మనకు వినిపిస్తే, మన మాట వాళ్ళకు వినిపించదా? నీ చెవి ఇలా తే, చెబుతాను.

బెంగళూరు అవతల జిగణిలో మా వఠారం, ఆరిళ్ళు ఒకే వరుస. మా పక్కింట్లో హనుమక్క, ఆమె కొడుకు నరేశ్, కోడలు సంధ్య ఉంటారు. మడకశిర వైపు నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. నరేశ్‌ది చందాపురలో లేతు మిషను పని. సంధ్య బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. హనుమక్క భర్త గంగన్న రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో చేసేవాడు. ఆయన చనిపోయి ఆరేళ్ళు.

ఆ సోమవారం ఎప్పటి సోమవారం లాగే తెల్లవారింది. హనుమక్క చిత్రాన్నం కలిపి కోడలికి డబ్బా కట్టింది.

"ఈ పొద్దన్నా మిగలకుండా తినమ్మీ. వారం దినాలుగా డబ్బా సగం అట్లే వస్తాండాది."

"ఆకలి కాలేదత్తా."

"పొద్దంతా మిషను తొక్కేదానికి ఆకలి కాకపోవడమేంది? ఏమన్నా విశేషమా?" అని హనుమక్క నవ్వింది. సంధ్య నవ్వలేదు. డబ్బా సంచిలో పెట్టుకుని గబగబా బస్సు వైపు నడిచింది.

ఆ పిల్ల వెళ్ళింది ఫ్యాక్టరీకి కాదు తల్లీ. ఆ సంగతి మొగుడికీ తెలియదు, అత్తకీ తెలియదు. పది రోజుల కిందట ఫ్యాక్టరీలో సంధ్య లైన్లోనే కుట్టే చౌడమ్మ అనే ఆమె ఎండ వేడికి కళ్ళు తిరిగి పడిపోయింది. సూపర్‌వైజరు "ఎవరూ లేవొద్దు, పని కానీండి" అన్నాడు. సంధ్య తన మిషను ఆపి లేచింది. ఆమెను చూసి లైనంతా ఆగిపోయింది. పది నిమిషాలు, అంతే. మర్నాడు గేటు దగ్గర సంధ్యను ఒక్కదాన్నే నిలిపేశారు. "ఇంటికి పో, ఉత్తరం వస్తాది" అన్నారు. అప్పటినుంచి ఆమె డబ్బా పట్టుకుని చందాపురలో యూనియన్ ఆఫీసుకు పోయి, సాయంత్రం దాకా అక్కడ కూర్చుని వచ్చేది. ఇంట్లో చెబితే ఏమవుతుందో అని భయం.

ఆ పూట పదకొండు గంటలకు పోస్టుమ్యాన్ వచ్చి హనుమక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను గడపలో అనపకాయలు ఒలుస్తున్నాను.

"అజ్జీ, సంధ్య ఉండాదా? రిజిస్టరు పోస్టు. సంతకం కావల్ల."

హనుమక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కవరు చూసింది. అక్షరాలు రావు గాని, కోడలు మెళ్ళో వేసుకునే కార్డు మీది ఫ్యాక్టరీ గుర్తు తెలుసు. కవరు ముట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈడ లేదప్పా. మాకొద్దు, ఎత్తుకొని పో."

"రేపు ఇంకోసారి వస్తాను. అప్పుడూ వద్దంటే వద్దన్నారని రాస్తాను. మళ్ళా నన్ననకూడదు."

"ఏమన్నా రాసుకో. అది మా గడప దాటకూడదు."

మర్నాడు అతను మళ్ళీ వస్తే హనుమక్క తలుపేసుకుని లోపల ఊపిరి బిగపట్టి నిలబడింది. అతను తట్టి తట్టి వెళ్ళిపోయాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, సంధ్యకు చెప్పొద్దు."  నేనూ చెప్పలేదు. ఊరంతా తిరిగే నా నోరు ఆ రెండు రోజులూ మూసుకుని కూర్చుంది.

బుధవారం సాయంత్రం దీపం పెట్టే వేళకు యూనియన్ ఓబళప్ప కుంటుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు నూలుమిల్లులో చేసిన మనిషి. నరేశ్ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏమ్మా సంధ్యా, ఉత్తరం ఎందుకు వద్దంటివి?"

"ఏ ఉత్తరం అన్నా? నేను దానికోసమే కదా కాచుకొని ఉండా!"

"రెండుసార్లు తీసుకోలేదని ఫ్యాక్టరీకి వాపసు పోయిందంట. నీ మీద విచారణ రేపు పది గంటలకే. నువ్వు లేకపోయినా జరిపిస్తామంటాండారు."

నరేశ్ చెంబు కింద పెట్టాడు. "ఏం విచారణ? నువ్వు దినామూ పనికి పోతాండావు కదా!"

సంధ్య తల వంచుకుని అంతా చెప్పింది. నరేశ్ గొంతు మా ఇంటి చూరు దాకా లేచింది.

"యూనియనా? మా ఓనరుకు తెలిస్తే నన్నూ గేటు బయట నిలబెడతాడు! లైన్లో డెబ్బై మంది ఉండారు కదా, మొదట మిషను ఆపేదానికి నువ్వే దొరికితివా?"

"డెబ్బై మందీ అట్లే అనుకొనింటే చౌడమ్మ నేల మీదనే ఉండేది."

ఓబళప్ప మధ్యలోకి వచ్చాడు. "నిదానం నరేశా. ముందుగా నోటీసు ఇయ్యకుండా పని ఆపితే అది సమ్మె, చట్టానికి విరుద్ధం అని వాళ్ళ వాదం. కొత్త చట్టంలో పద్నాలుగు దినాల ముందే చెప్పల్ల అని ఉండాది."

వంటింటి గుమ్మంలోంచి హనుమక్క అంది: "కండ్లు తిరిగి పడేవాళ్ళు పద్నాలుగు దినాల ముందు చెప్పి పడతారా అప్పా?"

ఓబళప్ప ఒక్కడే నవ్వాడు. నవ్వి, "ఆ మాట రేపు అడుగుదాం అక్కా. ముందు ఉత్తరం సంగతి తేలనీ. ఇంట్లో ఎవురు ఉండిరి?" అన్నాడు.

 హనుమక్క గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"నేనే వెనక్కి పంపినాను."

"అత్తా! ఎంత పని చేస్తివి!"

"నువ్వు చెప్పింటే కదా నాకు తెలిసేది! నా చేత డబ్బా కట్టించుకొని పోతాంటివి!" అని ఎదురు అరిచింది గాని, ఆ అరుపు సగంలోనే ఏడుపైపోయింది. "మీ మామకు ఇట్లే చేసిరి అమ్మీ. ఆఫీసు గదిలో నలుగురు చుట్టూ నిలబడి, సెలవు కాగితం, వేలెయ్యి అనిరి. వేసె. తెల్లారి పోతే, నువ్వే పని వద్దని రాసిస్తివి కదా అనిరి. చచ్చేదాకా ఆ వేలిని గోడకు రుద్దుతానే ఉండె. కాగితంతోనే కదా అంతా మొదలాయె! ఇంట్లోకి కాగితం రాకపోతే నీ పని పోదనుకొంటి."

 నరేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాన్న వేలు అట్లా ఎందుకు రుద్దుకునేవాడో వాడికి అంతదాకా తెలియదు.

ఓబళప్ప పక్కన చతికిలబడ్డాడు. "అక్కా, వద్దని పంపినా అందినట్లే లెక్క. రేపు సంధ్య ఆడ లేకపోతే వాళ్ళు చెప్పిందొకటే రాసుకుంటారు. గంగన్నకు ఆ దినం తోడు ఎవురన్నా ఉండిరా?"

"ఎవురూ లేరప్పా."

"తోడు పెట్టుకొనే హక్కు ఉండాది. అయితే బయటివాణ్ణి, నన్ను రానీరు. ఆ ఫ్యాక్టరీలో చేసే మనిషే కావల్ల."

సంధ్య నలుగురికి ఫోన్ చేసింది. ఒకామె బిడ్డకు జ్వరమంది. ఇద్దరు ఎత్తలేదు. ఒకామె ఏడ్చి ఫోన్ పెట్టేసింది. అయిదోసారి చౌడమ్మకు చేస్తే, "నన్నూ తీసేస్తారేమో సంధ్యా" అని, చివరికి "చూస్తాను" అంది.

గురువారం పొద్దున్నే నరేశ్ పనికి పోలేదు. ఏమీ మాట్లాడకుండా బండి బయటికి తీశాడు. హనుమక్క కూడా చీర మార్చుకుని వచ్చి సంధ్య వెనక ఎక్కింది. "వద్దన్నది నేను. ఆ మాట నేను కాక ఎవురు చెప్తారు?"

గేటు దగ్గర చౌడమ్మ నిలబడి ఉంది. కొంగు కొస నోట్లో కుక్కుకుని, అయినా నిలబడి ఉంది.

లోపల ఏం జరిగిందో హనుమక్క నాకు చెప్పింది. చిన్న గది. విచారణ చేసే లాయరు, కంపెనీ ఆఫీసరు, టైపు కొట్టే అమ్మాయి.  "నేనే వద్దన్నాను సార్. నా కోడలికి తెలీదు" అంది. ఆఫీసరు ఆ మాటను కన్నడంలో చెప్పి టైపు కొట్టించి, కాగితం ముందుకు తోసి, సిరా డబ్బీ తెరిచాడు.

"హాకమ్మా, హెబ్బెట్టు." వేలిముద్ర వెయ్యమని.

హనుమక్క చెయ్యి లేవలేదు.  అప్పుడు ఎట్లా వచ్చిందో ఆ మాట ఆమెకే తెలియదు. "ముందు నా కోడలు చదవల్ల" అంది.

సంధ్యకు కన్నడం చదవడం వచ్చు, చదివింది. ఒకచోట ఆగింది. "సార్, ‘కోడలు చెప్పింది కాబట్టి తీసుకోలేదు’ అని ఉండాది. మా అత్త ఆ మాట అనలేదు."

"అనలేదు. నేనూ విన్నాను" అంది పక్కనుంచి చౌడమ్మ. పీలగొంతే, కానీ అంది.

హనుమక్క చేతిని ఒళ్ళోకి లాక్కుంది. "దిద్దండి. దిద్దినంకే వేలు."

లాయరు ఆఫీసరు వైపు ఒకసారి చూసి, కాగితం దిద్దించాడు. సంధ్యకు ఉత్తరం నకలు ఇప్పించి, జవాబు రాసుకోవడానికి పది రోజులు గడువిచ్చాడు.

బయటికి వచ్చాక హనుమక్క రోడ్డు పక్కనే కూలబడింది. సంధ్య కూడా ఆ దుమ్ములోనే పక్కన కూర్చుంది.

"అత్తా, నీకు చెప్పకుండా ఇంక ఏమీ చెయ్యను."

"చెప్పమ్మీ. భయమైతే భయమైందని చెప్పు. ఒక్కదానివే ఎందుకు? ఇద్దరం కలిసి భయపడదాం."

ఆ మాటకు ఇద్దరూ ఏడ్చారట. నరేశ్ బండి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాడట.

సంధ్య ఉద్యోగం నిలబడిందా అంటావు. నిలబడింది తల్లీ, రెండు నెలలు నలిగి నలిగి. పది రోజుల తర్వాత రెండో వాయిదాకు చౌడమ్మతో పాటు ఇంకా ఆరుగురు గేటు దగ్గరికి వచ్చారు. సంధ్యను వేరే లైనులోకి మార్చి, ఇంకోసారి ఇలా చేస్తే తీసేస్తామని రాసిచ్చి మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. భయం మాత్రం ఆ ఇంట్లోంచి పోలేదు. సాయంత్రం బస్సు పావుగంట ఆలస్యమైతే హనుమక్క వీధి మొదట్లో నిలబడి ఉంటుంది.

విన్నావు కదా. ఫ్యాక్టరీ ఉత్తరం చూసి తలుపేసుకునే మనిషి నీకు ఎక్కడైనా ఎదురైతే, ఇది గుర్తుపెట్టుకుని చెప్పు. తీసుకోమను, నమ్మకమైన వాళ్ళ చేత చదివించుకోమను, ఒంటరిగా పోవద్దను. పేర్లు మార్చినా ఫరవాలేదు. పక్కింటి ముసలిది రెండు రోజులు చూసి కూడా నోరు మూసుకుంది చూడు, ఆ ముక్క మాత్రం వదలకుండా చెప్పు.