ఇరుసు చెప్పిన రెండో సగం

2074 నాటికి బండ్లలో ఇనుము దాదాపు లేకుండా పోయింది. తలుపులు, కప్పు, సీట్లు అన్నీ గోగునారతో అచ్చుపోసినవే. సొట్ట పడితే బండిని కాసేపు ఎండలో నిలబెట్టేవారు, అదే సర్దుకునేది. చదును రోడ్ల మీద బండి తనంతట తానే పోయేది. ఘాట్ రోడ్డు వస్తే మాత్రం చట్టం ప్రకారం మనిషి స్టీరింగ్ పట్టుకోవాలి. ఇనుము మిగిలింది ఒక్కచోటే, ముందు చక్రాలను మోసే ఇరుసులో. దాని మధ్యభాగం బంపర్ కింద పిడికెడంత బయటికి పొడుచుకొచ్చి ఉండేది. దాన్ని అందరూ ముక్కు అనేవారు.

అందుకే ఏ కంపెనీ బండి మంచిదన్న వాదన ఎక్కడ మొదలైనా ఇరుసు దగ్గరికి వచ్చి ఆగేది. టీకొట్ల దగ్గర గరుడ వాళ్లు బసవ బండిని ఎద్దులబండి అని ఎగతాళి చేసేవారు. గరుడ ఎక్కేవాడు ఇంట్లో అందరికీ చెప్పి బయల్దేరాలని బసవ వాళ్లు తిప్పికొట్టేవారు. తుంగ కొన్నవాళ్లు, చవకని కొన్నామని ముందే ఒప్పుకుని టీ తాగేవారు.

ఆ వాదన తేల్చే రోజు వచ్చింది. కడప బండ్ల పరీక్షా కేంద్రంలో మూడు కంపెనీల ఇరుసులనూ పోల్చి, ఒకదానికి ప్రభుత్వం 'నమ్మిక ముద్ర' ఇవ్వబోతోంది. ముద్ర దక్కిన కంపెనీ నిలుస్తుంది. తతిమ్మావి దాని వెనక నడవాలి. బయట హాలులో విలేకరులు, డీలర్లు కిక్కిరిసి ఉన్నారు.

పోల్చేది మనుషులు కాదు, లోహస్మృతి యంత్రం. దాన్ని కనిపెట్టింది డాక్టర్ తలారి నాగరత్న. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది, వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆమె కనిపెట్టిన సంగతి చెప్పుకోవడానికి సులువైనదే. ఏ లోహంలోనైనా పరమాణువులు వరుసగా పేర్చిన ఇటుకల్లా ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని స్ఫటిక జాలకం అంటారు. లోహానికి దెబ్బ తగిలినా, బరువు పడినా, తుప్పు పట్టినా ఆ వరుసలో ఎక్కడో ఒక ఇటుక జరుగుతుంది. జరిగింది మళ్లీ వెనక్కి రాదు. లోహస్మృతి యంత్రం అల్ట్రాసోనిక్ తరంగాలను లోపలికి పంపి, జరిగిన ఇటుకలన్నిటినీ వెతికి, ఏది ముందు ఏది వెనక అని తేల్చి, ఆ లోహం పుట్టినప్పటినుంచి పడ్డ పాట్లన్నీ మాటల్లో చెబుతుంది.

యంత్రానికి ముసలామె గొంతు పెట్టింది నాగరత్నే. పాతకథలు చెబుతుంది కాబట్టి కేంద్రంలో అందరూ దాన్ని అవ్వ అనేవారు. అవ్వకు ఒక నియమం ఉంది. చదవడం పూర్తయ్యాక, వినేవాళ్ల అనుమతి లేకుండా నోరు విప్పదు. 'చెప్పమంటారా?' అని అడుగుతుంది.

చదివే గదిలో ఆ రోజు ముగ్గురున్నారు. నాగరత్న, గరుడ కంపెనీ సాంకేతిక డైరెక్టర్ పరాంకుశం, నాగరత్న అన్న ఓబులేసు. బసవ, తుంగ కంపెనీలవాళ్ల వంతు పొద్దున్నే అయిపోయింది. ఓబులేసు ఒకప్పుడు గరుడ టాక్సీ నడిపేవాడు. ఇప్పుడు ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. అతని ఒడిలో గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి ఉంది.

పద్దెనిమిదేళ్ల కిందట గువ్వలచెరువు ఘాట్‌లో ఓబులేసు బండి ఇరుసు మధ్యకు విరిగింది. బండిలో ఉన్న నర్సు చనిపోయింది. కోర్టులో కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పింది ఈ పరాంకుశమే. 'డ్రైవర్ గోడకు కొట్టాడు, అందుకే విరిగింది. లోహం తప్పు చేయలేదు, మనిషి చేశాడు' అన్నాడు. ఓబులేసు రెండేళ్లు కడప జైల్లో ఉన్నాడు. చెల్లెలి చదువు ఆగకూడదని ములాఖత్‌కు కూడా రావద్దన్నాడు. నాగరత్న ఆ మాట వింది. కానీ పరాంకుశం కోర్టులో అన్న మాట మరిచిపోలేదు. లోహశాస్త్రం చదివింది, ఈ యంత్రం చేసింది, అన్నీ ఆ ఒక్క వాక్యాన్ని ఆ నోటితోనే మింగించడానికి.

పొద్దున చదివిన తుంగ ఇరుసు ఫలితాన్ని మొదట మళ్లీ వినిపించింది అవ్వ. అతుకు వేసినవాడు తొందరలో ఉన్నాడంది, లోపల గాలి బుడగలున్నాయంది. బసవది మొద్దు ఇనుమంది. బరువు ఎక్కువ, తెలివి తక్కువ, అయినా ఘాట్‌లో నడుము వంచదంది.

ఓబులేసు ముసిముసిగా నవ్వాడు. "మా మామ మాదిరి ఉందే పాపా," అన్నాడు.

గరుడ ఇరుసు దగ్గర అవ్వ గొంతు కాస్త మెత్తబడినట్టు అనిపించింది. రేణువులన్నీ ఒకే కొలత, చల్లార్చిన తీరులో ఎక్కడా తొందర లేదు, మూడింటిలో ఇదే మేలని చెప్పింది. కొన్నాళ్లు రోడ్డు మీద తిరిగిన ఈ కొత్త రకం గరుడకు ముక్కు మీద రబ్బరు తొడుగుంది. దాని పక్కనే చిన్న ఇనుప కొక్కెం ఉంది. కొక్కెం మీద బరువు లాగిన గుర్తు ఒక్కటీ లేదనీ, చిన్న దెబ్బలు మాత్రం చాలా ఉన్నాయనీ అంది. బండిని లాగడానికి కాకపోతే ఆ కొక్కెం ఎందుకో నాగరత్నకు అంతుపట్టలేదు.

పరాంకుశం కళ్లజోడు తుడుచుకున్నాడు. "ముద్ర మాదే అనుకోవచ్చా డాక్టర్ గారూ?"

"ఇంకొక ఇరుసు మిగిలుంది సార్," అంది నాగరత్న. "అనా, విప్పు."

ఓబులేసు గోనెపట్టా విప్పాడు. లోపల విరిగిన ఇరుసు ముక్క. పరాంకుశం దాన్ని చూడగానే గుర్తుపట్టాడని ఇద్దరికీ తెలిసిపోయింది.

అవ్వ చాలాసేపు చదివింది. తర్వాత అడిగింది.

"చెప్పమంటారా?"

"చెప్పు," అంది నాగరత్న.

"గోడ దెబ్బ లేదు. విరిగేముందు పెద్ద దెబ్బే లేదు."

నాగరత్న పరాంకుశం మొహం వంకే చూస్తోంది. ఆ క్షణం కోసం ఎన్నో రకాల మాటలు సిద్ధం చేసుకుంది. ఏదీ అక్కర్లేకపోయింది. ఆయన మొహమే చాలు. కానీ అవ్వ ఆగలేదు.

"ముక్కు మీద చిన్న దెబ్బలున్నాయి. నెలకొకటి. అమావాస్యకు అమావాస్యకు. గట్టి పెంకు దెబ్బ. దెబ్బ తగిలిన ప్రతిసారీ పూత పెచ్చులు లేచి లోపలికి నీళ్లు దిగినాయి. తీపి, ఉప్పు కలిసిన పులిసిన నీళ్లు. ఆ నీళ్లు సందు చేసుకుంటూ నడుము దాకా పోయినాయి."

ఓబులేసు చేతులు ఇరుసు మీద నుంచి మెల్లగా జారిపోయాయి.

అమావాస్య నాడు బండికి టెంకాయ కొట్టని డ్రైవరు ఆ సీమలో లేడు. టెంకాయ బండికి తగిలే పగలాలి. నార బండిలో ఎక్కడ కొట్టినా కాయ ఎగిరి పడుతుంది, పగలదు. ఇనుము కనిపించేది ముక్కు దగ్గరే.

"ఇంకొకటి ఉంది," అంది అవ్వ. "విరిగిన తర్వాత ఎవరో వజ్రపు రంపంతో పలచటి ముక్క కోసుకున్నారు. సూక్ష్మదర్శినిలో చూడ్డానికి కోసే కోత అది."

నాగరత్న కొక్కెం వైపు చూసింది. రబ్బరు తొడుగు వైపు చూసింది. ఇప్పుడు అంతా అర్థమైంది. కోసి చూసి, టెంకాయ సంగతి తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా ముక్కుకు తొడుగు వేసి, కొట్టుకోవడానికి పక్కన వేరే కొక్కెం పెట్టారు. మూడింటిలో మేలైన ఇరుసు ఓబులేసు కాలి మీద, ఆ నర్సు ప్రాణం మీద తయారైంది.

పరాంకుశం కూర్చున్నచోటే కుంగిపోయాడు. అవును, ప్రమాదం జరిగిన నెలలోపలే తెలిసిందన్నాడు. డిజైన్ తప్పేనన్నాడు. దేశమంతా తిరిగి పరీక్షించాం గానీ ఈ రోడ్ల మీద మనుషులు ఏం చేస్తారో చూడలేదన్నాడు. ఒప్పుకుంటే అప్పటికే అమ్మిన బండ్లన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చేదన్నాడు. తర్వాత తలెత్తాడు.

"నా పేరు బయటపెట్టండమ్మా. జైలుకైనా పోతాను. కానీ మొత్తం చెప్పండి. బసవకూ తుంగకూ ముక్కు ఇప్పటికీ బయటే ఉంది. బసవ మందం కాబట్టి లేటుగా విరుగుతుంది. విరగడం మాత్రం విరుగుతుంది."

"మొత్తం చెబితే టెంకాయ కొట్టింది మా అన్న అని కూడా చెప్పాలి," అంది నాగరత్న.

"నిజమే కదమ్మా."

"ఆ రోజు మీరు సగం చెప్పినారు సార్. రెండో సగం ఈ రోజు నేను చెప్తా."

ఓబులేసు చెల్లెలి మోచేయి పట్టుకున్నాడు. "రత్నా, ఆ నర్సమ్మకు ఒక కూతురుంది మే. ఆ పిల్లకు నిజం తెలియాల," అన్నాడు. నాగరత్న వినలేదు. హాలులోకి వెళ్లి మైకు ముందు నిలబడింది. గోడ దెబ్బ లేదని చెప్పింది, రంపపు కోత గురించి చెప్పింది. చివర్న, "మనిషి తప్పు చేయలేదు, లోహం చేసింది," అంది. టెంకాయ మాట ఎత్తలేదు.

నమ్మిక ముద్ర బసవకు పోయింది. గరుడ షోరూముల మీద రాళ్లు పడ్డాయి. పరాంకుశాన్ని అరెస్టు చేశారు. విచారణలో ఆయన టెంకాయ సంగతి చెబితే, తప్పు దేవుడి మీదికి నెట్టాడని జనం ఇంకా మండిపడ్డారు. టీకొట్ల దగ్గర గరుడ పేరు తిట్టుగా మారింది. టీవీలో ఆ వార్తలు వచ్చిన ప్రతిసారీ నాగరత్న చివరిదాకా చూసేది. ఓబులేసు లేచి బయటికి పోయేవాడు.

నెల తర్వాత అన్నాచెల్లెళ్లిద్దరూ కడప నుంచి రాయచోటికి బసవ టాక్సీలో బయల్దేరారు. అవ్వను ప్రయాణానికి వీలుగా ఇమిడ్చిన చిన్న పెట్టె నాగరత్న ఒడిలో ఉంది, దాని తీగ కొస బండి అడుగున ఇరుసుకు తగిలేలా పెట్టి ఉంది. పరీక్షకని చెప్పింది గానీ, అలవాటు. ఘాట్ మొదట్లో డ్రైవరు చెన్నకేశవ బండి ఆపి దిగాడు.

"అమావాస్య కదమ్మా, ఒక్క నిమిషం," అని కర్పూరం వెలిగించి, టెంకాయ తీసుకుని ముక్కు ముందు వంగాడు.

ఓబులేసు కాలు ఈడ్చుకుంటూ దిగాడు. "అబ్బోడా, ఆడ కొట్టొద్దు. రాయి మీద కొట్టు. నేను ఆడ కొట్టి ఒక మనిషిని చంపినా."

చెన్నకేశవ ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఏందన్నా, పేపర్లో చూళ్యా? తప్పంతా గరుడాదే అని పడ్లే? ఈయమ్మే కదా తేల్చింది." కిటికీ వైపు తిరిగాడు. "అవునా కాదామ్మా?"

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. అవునంటే బండి కదులుతుంది. కాదంటే పరాంకుశం బయటికొస్తాడు, అన్న పేరు మళ్లీ పేపరుకెక్కుతుంది.

"నేను చెప్పిందే నిజం," అంది నాగరత్న.

టెంకాయ ఒక్క దెబ్బకే పగిలింది. నీళ్లు ముక్కు మీదుగా కారి ఇరుసు సందులోకి పోయాయి. చెన్నకేశవ ఒక చిప్ప ఓబులేసు చేతిలో పెట్టబోయాడు. ఓబులేసు తీసుకోలేదు. తను దిగిన తలుపును బయటినుంచే మూశాడు.

"నువ్వు పో రత్నా. నేను నడిచొస్తా."

బండి మొదటి మలుపు ఎక్కింది. వెనక అద్దంలో అన్న, ఎడమకాలు ఈడ్చుకుంటూ, చిన్నగా అయిపోతున్నాడు. ఒడిలో పెట్టె వెలిగింది.

"దెబ్బ ఒకటి పడింది," అంది అవ్వ. "కొత్తది కాదు, పాత వరుసలోదే. చెప్పమంటారా?"