ముక్కు చెప్పిన సాక్ష్యం

మేకప్‌మన్ థామస్ చెమటలు కక్కుతూ డిటెక్టివ్ అచ్యుతరామయ్య ఆఫీసుకు వచ్చాడు. కొత్త సినిమాలో హీరో వేషానికి తాను రహస్యంగా చేసిన రబ్బరు ముఖం పొద్దున మాయమైంది. ఆ రూపం ముందే బయటపడితే థామస్ పాతికేళ్ల పేరు గంగలో కలిసినట్టే.

"రూపం పొక్కకూడదని కెమెరాలు కూడా తీయించేశానండీ. తాళాలుండేది వాచ్‌మన్ రాములు దగ్గర, నా శిష్యుడు సృజన్ దగ్గర. సృజన్ నాకు కొడుకులాంటివాడు. అందుకే రాముల్ని మేకప్ గదిలో కూర్చోబెట్టి, సృజన్‌ను అక్కడే కాపలా ఉంచాను."

అచ్యుతరామయ్య, అతని అసిస్టెంటు వందన, థామస్ ఫిల్మ్ నగర్ స్టూడియో చేరేసరికి, థామస్ అక్కణ్నుంచి బయల్దేరి గంట దాటింది. మేకప్ గదిలో అడుగుపెట్టగానే వందన ముక్కు మూసుకుంది. గడ్డాలు అతికించే గమ్ము సీసా పొద్దున్నే థామస్ చెయ్యి తగిలి పగిలిందట. గది నిండా ఘాటు.

"మీరు పోంగనే గీయన సంచి పట్టుకొని పోయిండు సార్. మీకంటే జర ముందల వచ్చిండు. నేను లేస్తే దొంగనంటరని గీడనే కూసున్న," అన్నాడు రాములు, సృజన్‌ను చూపిస్తూ.

"అబద్ధం! నేను గుమ్మం దాటలేదు," అన్నాడు సృజన్.

వందనకు సృజనే నిజం చెబుతున్నాడనిపించింది. చదువుకున్నవాడి మాటకు బలమెక్కువ మరి!

అచ్యుతరామయ్య తాపీగా అడిగాడు. "రాములూ, గమ్ము వాసన ఎలా ఉంది?"

"పొద్దుగాల మస్తు కొట్టింది సార్. ఇప్పుడేం తెలుస్తలేదు."

సృజన్ నవ్వాడు. "ఇంత ఘాటు తెలియడం లేదా? నాకైతే తల పగిలిపోతోంది సార్!"

అచ్యుతరామయ్య మరో పది నిమిషాలు ఏవేవో అడిగి, వందన వైపు తిరిగాడు. "ఇప్పుడెలా ఉందమ్మా వాసన?"

ఆమె గట్టిగా పీల్చింది. దాదాపు ఏమీ లేదు! కిటికీలు మూసే ఉన్నాయి, గమ్ము నేల మీదే ఉంది.

"కొత్తొక వింత అన్నది ముక్కుకూ వర్తిస్తుంది. మారని వాసనను కాసేపటికి పట్టించుకోదు. వందనకు పది నిమిషాలు చాలాయి. రాములు గంట కూర్చున్నాడు కాబట్టే అతనికి తెలియలేదు. నువ్వూ గంట కూర్చుంటే నీకెందుకు తల పగిలింది సృజన్? నువ్వు అప్పుడే బయటి నుంచి వచ్చావు."

సృజన్ తల వాలిపోయింది. "ముఖం తెచ్చిస్తే వేరే కంపెనీ వాళ్లు నాకు సొంతంగా సినిమా ఇస్తామన్నారు గురువుగారూ... పొద్దున ఇక్కడే దాచాను, ఇప్పుడది రహమత్ నగర్‌లో ఫ్రెండ్ గదిలో ఉంది."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా!" అన్నాడు థామస్. తర్వాత రాములు వైపు తిరిగి చేతులు జోడించాడు. "క్షమించు రాములూ. వీడు ఇంత మోసం చేస్తాడనుకోలేదు."

రాములు తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

"పద్దెనిమిదేండ్లు మీ గేటు కాసిన సార్. గీయన అబద్ధమాడిండని నాకు బాధ లేదు. మీరు నమ్మిండ్రు గదా."